గోడ దూకినవాళ్ళ చరిత్ర

తెలుగులో గోడ దూకడం అనే మాటకి మంచి అర్థం లేదు. దొంగ గోడ దూకుతాడు. రంకు కోసం గోడ దూకుతాడంటారు. టిక్కెట్టు దొరకని నాయకుడు గోడ దూకి పక్క పార్టీలో తేలతాడు. ఈ మాటని ఇట్లా వాడుకలోకి తెచ్చినవాళ్ళకి గోడ ఉంది, గోడ వెనక దాచుకోడానికి ఆస్తి ఉంది. అవతల నిలబడ్డవాళ్ళ వైపు నుంచి ఆ మాటకి ఇంకో అర్థం ఉండొచ్చని మన నిఘంటుకారులకి తట్టలేదు. మా వాడ పిల్లలం ఊళ్ళో బడికి పోవాలంటే పెద్దవీధి గుండా నాలుగు నిమిషాలు, చేలగట్ల మీదుగా పావుగంట. మేం గట్ల మీదే పోయేవాళ్ళం. ఎందుకు పోయేవాళ్ళమో ఈ పత్రిక పాఠకులకి చెప్పనక్కర్లేదు. దారిలో రెండు కంపదడులు, ఒక పిల్లకాలవ, చివర్న బడి వెనక ప్రహరీ. ఎవరూ నేర్పకుండానే దూకడం వచ్చింది. అదొక విద్యనీ, దానికీ ఒక చరిత్ర ఉంటుందనీ మాకెవరికీ తోచలేదు.

ఈ వ్యాసం మా వాడ గురించి కాదు. పారిస్ నగరానికి దక్షిణంగా ఎవ్రీ, లిస్ అనే ఊళ్ళల్లో, ఉత్తరాన సార్సెల్‌లో పెరిగిన కొందరు కుర్రాళ్ళ గురించి. ఏ పరికరమూ లేకుండా, ఒంటినే నమ్ముకుని, ఎదురొచ్చిన గోడనీ మెట్లనీ రెయిలింగునీ దాటుకుంటూ ఒక చోటు నుంచి ఇంకో చోటికి పోవడాన్ని వాళ్ళొక సాధనగా మలిచారు. లోకం దాన్ని పార్కూర్ అనీ, ఫ్రీరన్నింగ్ అనీ పిలుస్తోంది. ఆ జట్టు మాత్రం దాన్ని కదలిక కళ అనే అర్థమొచ్చే ఫ్రెంచి మాటతో పిలుచుకుంది. ఒక విద్యకి మూడు పేర్లు ఎందుకొచ్చాయో చూస్తే దానిమీద హక్కు ఎవరెవరి చేతుల్లోకి పోయిందో కొంత తెలుస్తుంది.

పార్కూర్ గురించి ఏ పుస్తకం తీసినా, ఏ డాక్యుమెంటరీ చూసినా ముందొక వంశావళి ఎదురవుతుంది. జార్జ్ ఎబేర్ అనే నౌకాదళ అధికారి మూలపురుషుడు. అతని పద్ధతి ఫ్రెంచి సైన్యం లోకి పోయింది. సైనిక వాతావరణంలో పెరిగిన రేమండ్ బెల్‌కి అది అబ్బింది. అతన్నుంచి కొడుకు దావిద్ బెల్‌కి, దావిద్ నుంచి లోకానికి. గురువు, తండ్రి, కొడుకు. ఇట్లాంటి కథలు మనకి కొత్తకాదు. మన దగ్గర సంగీతం చరిత్రయినా వైద్యం చరిత్రయినా ఇట్లాగే మొదలవుద్ది. అందులో ఉన్నవి అబద్ధాలని నేననను. చాలామటుకు నిజాలే. కాకపోతే ప్రతి మెట్టు దగ్గరా ఎవరో కొందరు చిత్రంలోంచి తప్పిపోతుంటారు.

ఎబేర్ సంగతే చూద్దాం. 1875లో పుట్టాడు. 1902 మే 8న కరీబియన్‌లోని మార్టినిక్ దీవిలో పెలే అగ్నిపర్వతం పేలి సెయింట్ పియేర్ పట్టణం నిమిషాల్లో బూడిదయింది. చచ్చిపోయినవాళ్ళు సుమారు 28,000 మంది. అక్కడున్న ఎబేర్ 700 మంది దాకా జనాన్ని కాపాడే పనిలో ముందున్నాడనీ, ఆపదలో అక్కరకి రాని బలం బలమే కాదని అప్పుడే గ్రహించాడనీ చెబుతారు. తర్వాత అతను సహజ పద్ధతి పేరుతో నడక, పరుగు, దూకుడు, పాకుడు, ఎక్కుడు, మోత, ఈత కలిపిన వ్యాయామం తయారుచేశాడు. దానిమీద అతని పెద్ద పుస్తకం 1912లో వచ్చింది. సైన్యాల్లో కనిపించే అడ్డంకుల పరుగుబాటకి ఇదొక ఆధారం.

ఇప్పుడు తప్పిపోయినవాళ్ళని వెతుకుదాం. మార్టినిక్‌లో బానిసత్వం రద్దయింది 1848లో. 1902లో ఆ బూడిద కింద పడ్డవాళ్ళల్లో అత్యధికులు చెరకు తోటల బానిసల బిడ్డలు, మనవలు. ఆ పేలుడు తట్టుకుని బతికిన ఒకరిద్దరిలో సిపారిస్ అనే నల్లమనిషి ఒకడు. జైల్లో, మందపాటి రాతిగోడల ఒంటరి కొట్లో పడేసి ఉన్నందుకు బతికాడు. తర్వాత అతన్ని అమెరికాలో బార్నమ్ సర్కస్ వాళ్ళు ఊరూరా తిప్పి వింతగా చూపించారు. అదే విపత్తులోంచి ఒక తెల్ల అధికారి సిద్ధాంతకర్తగా, ఒక నల్ల ఖైదీ సర్కస్ వింతగా బయటికొచ్చారు. ఎబేర్ ఆఫ్రికా తీరాల్లోనూ తిరిగాడు. అక్కడి జనం ఒళ్ళు చూసి, వీళ్ళకి ప్రకృతే గురువు, వేరే వ్యాయామ గురువు లేడు, అయినా ఇంత చురుగ్గా ఉన్నారు అని మెచ్చుకుంటూ రాశాడు. ఈ మెచ్చుకోలు దగ్గర మనం కాస్త ఆగాలి. కూలివాడి కండలు చూసి ఆసామి కూడా మెచ్చుకుంటాడు. వాళ్ళకి పుట్టుకతోనే వచ్చిందంటాడు. పుట్టుకతో వచ్చిందన్నాక అది పనిలో నేర్చుకున్నదని ఒప్పుకోనక్కర్లేదు, గురువు పీటా వాళ్ళకి వెయ్యక్కర్లేదు.

రెండో మెట్టు రేమండ్ బెల్. 1939లో వియత్నాంలోని హ్యూలో పుట్టాడు. తండ్రి ఫ్రెంచి డాక్టరు, తల్లి వియత్నామీ. యుద్ధంలో కుటుంబానికి దూరమై ఏడేళ్ళ వయసులో దలాత్‌లోని సైనిక అనాథ పాఠశాలకి చేరాడు. పెద్ద పిల్లల దెబ్బలు తప్పించుకోడానికి, బతికి బట్టకట్టడానికి రాత్రిళ్ళు లేచి ఒంటరిగా పరిగెత్తేవాడనీ, చెట్లెక్కేవాడనీ కొడుకు తర్వాత చెప్పుకున్నాడు. 1954లో దియెన్ బియెన్ ఫూ దగ్గర ఫ్రాన్సు ఓడిపోయాక అతన్ని ఫ్రాన్సుకి తరలించారు. పారిస్ అగ్నిమాపక దళంలో చేరి పేరు తెచ్చుకున్నాడు. 1969 జనవరిలో పారిస్‌లో వియత్నాం శాంతి చర్చలు నడుస్తున్న రోజుల్లో ముగ్గురు స్విస్ యువకులు రాత్రికి రాత్రి నోత్రదామ్ చర్చి శిఖరం ఎక్కి వియత్నాం విమోచన సంఘటన జెండా కట్టి దిగిపోయారు. దాన్ని పీకడానికి హెలికాప్టర్ నుంచి తాడు మీద దిగింది రేమండ్ బెలే. తల్లి దేశపు విముక్తి జెండాని తండ్రి దేశపు కొలువులో ఉండి పీకాడు. పార్కూర్ కథలు చెప్పేవాళ్ళకి ఇదొక సాహసం. నాకది చదివినప్పుడల్లా మన పోలీసు కానిస్టేబుళ్ళు గుర్తొస్తారు. వాడలోంచి పోయి ఉద్యోగంలో చేరి, మళ్ళీ వాడమీదికే లాఠీతో రావాల్సొచ్చినవాళ్ళు.

మనుషుల వంశావళి ఇంత గట్టిగా చెప్పేవాళ్ళు చోటు సంగతి మాత్రం పైపైన చెబుతారు. నా దృష్టిలో ఈ విద్యని పుట్టించింది సగం ఆ చోటే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్సు ఫ్యాక్టరీలకి కూలీలు కావాల్సొచ్చారు. అల్జీరియా, మొరాకో, ట్యునీసియా, సెనెగల్, మాలి, కరీబియన్ దీవులు, ఇండోచైనా నుంచి జనం వచ్చారు. మొదట్లో చాలామంది రేకుల గుడిసెల్లో ఉన్నారు. తర్వాత ప్రభుత్వం పారిస్ చుట్టూ కాంక్రీటు పేటలు లేపింది. 1950ల మధ్యలో మొదలైన సార్సెల్ వాటిల్లో పేరుమోసింది. ఒకేరకం బ్లాకులు బారులుగా, బజారు లేదు, పనిలేనప్పుడు పోవడానికి చోటు లేదు. అక్కడ కాపురముండేవాళ్ళకి పట్టుకున్న దిగులుకి పత్రికలు ఆ ఊరి పేరే పెట్టి సార్సెలైట్ అని జబ్బు పేరు కనిపెట్టాయి. జబ్బు జనంలో ఉందన్నట్టు. 1960ల చివర్లో ఎవ్రీని కొత్త పట్టణంగా ప్లాను వేశారు. మనుషులు నడిచే దారులు పైన, బండ్లు కింద, మధ్యలో మెట్లు, వంతెనలు, అరుగులు, రకరకాల ఎత్తుల్లో గోడలు. పక్కనే ఉన్న లిస్‌లో పార్కు మధ్య చెరువుకాడ దామ్ ద్యు లాక్, అంటే చెరువు దొరసాని, అనే పెద్ద కాంక్రీటు శిల్పం కట్టారు. హంగరీలో పుట్టిన శిల్పి పియేర్ సెకెలీ చేసింది. పిల్లలు ఎక్కడానికే చేసిన శిల్పం అది.

ప్లాను వేసినవాళ్ళు నడిచేవాడి అడుగు ఎక్కడ పడాలో ముందే గీసిపెట్టారు. కుర్రాళ్ళు ఆ గీతకి అడ్డంగా కదిలారు. మెట్లున్నచోట మెట్లు దిగలేదు, పక్క గోడమీంచి దిగారు. 1980ల చివర, 1990ల మొదట్లో వాళ్ళు చేసినదాన్ని ఆట అనడానికి నాకు నోరు రాదు. ఒకే దూకుడుని వందలసార్లు చేసేవాళ్ళు. వానలో, చలిలో, రాత్రిపూట చేసేవాళ్ళు. నీళ్ళు తాగకుండా, అన్నం తినకుండా ఎంతసేపు నిలబడగలమో చూసుకునేవాళ్ళు. నాలుగు కాళ్ళ జంతువులాగా చేతులూ కాళ్ళూ ఆనించి మెట్ల వరసలు ఎక్కేవాళ్ళు. ఎత్తునుంచి దూకినప్పుడు మడమ ఆననివ్వకూడదు, ముందు మునివేళ్ళ దగ్గరి పాదం ఆనాలి, మోకాలు వంగాలి. ఊపు ఇంకా మిగిలుంటే ఒక భుజంమీంచి మొదలెట్టి వీపుకి ఐమూలగా అవతలి తుంటి దాకా దొర్లి లేవాలి. వెన్నెముక నేలకి తగలకూడదు. అవతలి గోడ అంచుని చేతులతో అందుకునేటప్పుడు పాదాలు ముందు గోడకి తగిలి దెబ్బని మింగాలి, అప్పుడు చేతులు పట్టాలి. తిరగబడితే ముఖం పగులుద్ది. ఇవన్నీ కాలేజీలో బయోమెకానిక్స్ చదివి రాసుకున్నవి కావు. పడి, లేచి, పక్కోడు పడ్డప్పుడు చూసి నేర్చుకున్నవి. ఇంకో నియమం కూడా పెట్టుకున్నారు. అందరం కలిసి మొదలుపెడతాం, అందరం కలిసే ముగిస్తాం. ముందు చేరినవాడు వెనక్కొచ్చి, ఆఖరివాడితోపాటు మళ్ళీ చెయ్యాలి. వంశావళిలో ఈ నియమానికి చోటు దొరకదు. ఎందుకంటే అది ఏ తండ్రీ కొడుక్కి ఇచ్చింది కాదు.

1997లో దావిద్ అన్న జాన్ ఫ్రాంస్వా బెల్ పారిస్ అగ్నిమాపక దళం ప్రదర్శనకి వీళ్ళని పిలిచాడు. ప్రదర్శనకి పేరు కావాలి కదా. యమకాజీ అని పెట్టుకున్నారు. ఆ మాట కాంగో నదీ తీరాల లింగాలా భాషది. గట్టి ఒళ్ళు, గట్టి మనసు, గట్టి మనిషి అన్న భావం. తొమ్మిది మంది: యాన్ నోత్రా, చౌ బెల్ దిన్, విలియమ్స్ బెల్, దావిద్ బెల్, లారాన్ పియెమొంతేసి, గిలాన్ ఎన్‌గుబా బోయెకె, మాలిక్ దియూఫ్, షార్ల్ పెరియేర్, సెబాస్టియన్ ఫుకాన్. ఈ పేర్లు బిగ్గరగా చదివితే వలస సామ్రాజ్యం పటం సగం కళ్ళముందు కొస్తుంది. ఫ్రాన్సు తన పౌరుల్ని జాతి, రంగు వారీగా లెక్కపెట్టడానికి ఒప్పుకోదు, 1978 నాటి చట్టం దానికి అడ్డు. లెక్కపెడితే విభజన వస్తుందంటారు. కులగణన వద్దనేవాళ్ళ వాదన విన్నవాళ్ళకి ఇది బాగానే అర్థమవుద్ది. లెక్కల్లో లేనిది మనుషుల పేర్లలో ఉంది. ఆ జట్టు తన పేరుకోసం ఫ్రెంచిని కాకుండా లింగాలాని ఎంచుకోవడం చిన్న సంగతిగా నాకు కనిపించదు.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. తొమ్మిది మందీ మగవాళ్ళే. అర్ధరాత్రి పేట వీధుల్లో తిరిగి గోడలెక్కే వీలు అదే బ్లాకులో ఉన్న చెల్లెళ్ళకి లేదు. మన ఉద్యమాల చరిత్ర రాసేటప్పుడు కూడా మనం ఈ సంగతిని చివర్న ఒక వాక్యంతో సరిపెడతాం. నేనూ అంతకన్నా ఎక్కువ చెయ్యలేదు.

జట్టు ఎక్కువకాలం నిలవలేదు. ప్రదర్శనలకి, డబ్బుకి వెళ్ళాలా వద్దా అన్న దగ్గర తేడాలొచ్చి దావిద్ బెల్, ఫుకాన్ విడిపోయారు. 1998లో దావిద్ తన దారికి పేరు వెతుక్కుంటుంటే, 1995లో వచ్చిన లా ఏన్ సినిమాలో నటించిన నల్లజాతి నటుడు ఉబేర్ కూందే సైనిక పరుగుబాట అనే మాటలోని పార్కూర్‌ని తీసుకుని, అక్షరం మార్చి, చివరి అక్షరం తీసేసి ఇచ్చాడు. ఫ్రీరన్నింగ్ అనే మూడో పేరు 2003లో బ్రిటిష్ టీవీ తీసిన జంప్ లండన్ డాక్యుమెంటరీతో లోకానికి తెలిసింది. ఇంగ్లీషువాళ్ళ నోటికి పట్టాలని పెట్టిన పేరది. ఆ డాక్యుమెంటరీ చూసే 2005లో గాజాలోని ఖాన్ యూనిస్‌లో ఇద్దరు యువకులు అక్కడి జట్టు మొదలుపెట్టారు. ముట్టడిలో ఉన్న నేలమీద, కూలిన ఇళ్ళ మధ్య, శ్మశానం గోడల మీద సాధన చేశారు. 2023 తర్వాతి యుద్ధంలో ఆ ఊరే చాలామటుకు నేలమట్టమైంది.

సినిమావాళ్ళు ఊరుకోలేదు. 2001లో లూక్ బెసోన్ రాయగా ఏరియల్ జీతూన్ తీసిన యమకాజీ సినిమాలో జట్టులో మిగిలిన ఏడుగురూ నటించారు. కథ ఏమిటంటే, వాళ్ళని చూసి అనుకరించబోయి పడిపోయిన పిల్లాడికి గుండె మార్చాలి, డబ్బులేదు, వీళ్ళు డబ్బున్నవాళ్ళ ఇళ్ళల్లో దొంగతనాలు చేస్తారు. మంచి దొంగలే అనుకోండి. అయినా దొంగలే. పేట కుర్రాడి ఒంటి నైపుణ్యాన్ని తెరకెక్కించాలంటే దోపిడీ తప్ప ఇంకో కథ ఆ పెద్ద నిర్మాతలకి దొరకలేదు. 2006లో కాసినో రాయల్ వచ్చింది. అందులో కరీబియన్ దీవి గ్వాడలూప్ మూలాలున్న ఫుకాన్ బాంబులు చేసేవాడి వేషంలో క్రేన్లమీద ఎగురుతుంటాడు. వెనక జేమ్స్ బాండ్. ఫుకాన్ సన్నని కంతలోంచి దూరిపోతే బాండ్ గోడ బద్దలుకొట్టుకుని వస్తాడు. హాలు చప్పట్లు కొడుతుంది. చివరికి బాండ్ అతన్ని కాల్చేస్తాడు. ఎవరు పరిగెత్తాలి, ఎవరు తరమాలి అన్నది అక్కడ కథ మొదలవ్వకముందే తేలిపోయింది.

ఈ రెండు సినిమాల మధ్య 2005 అక్టోబరు 27 ఉంది. ఆ సాయంత్రం పారిస్‌కి తూర్పున క్లిషీ సు బ్వా అనే పేటలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకుని ఇంటికొస్తున్నారు. రంజాన్ నెల, ఇఫ్తార్ వేళ దగ్గర పడుతోంది. కడుతున్న ఇంటికాడ ఎవరో దొంగతనానికి చూస్తున్నారని పోలీసులకి ఫోను పోయింది. పోలీసులొచ్చారు. పిల్లలు పరిగెత్తారు. ఏ నేరమూ చెయ్యనివాళ్ళు ఎందుకు పరిగెత్తారని తర్వాత టీవీల్లో పెద్దలడిగారు. కాయితాలు చూపించమని ఆపడం, స్టేషన్‌లో గంటలు గంటలు కూర్చోబెట్టడం ఆ పేటల్లో రోజువారీ సంగతి. మన వాడల్లో పోలీసు జీపు చప్పుడు విన్నవాడెవడూ ఆ ప్రశ్న అడగడు. ముగ్గురు పిల్లలు గోడ దాటి విద్యుత్ సబ్‌స్టేషన్‌లో దాక్కున్నారు. 17 ఏళ్ళ జియెద్ బెన్నా, 15 ఏళ్ళ బునా త్రావొరే కరెంటు కాటుకి చచ్చిపోయారు. మూడోవాడు కాలిన ఒంటితో బయటపడ్డాడు. వాళ్ళు అందులోకి పోతే బతికే ఆశ తక్కువేనని ఒక పోలీసు వైర్‌లెస్‌లో అన్న మాట రికార్డయింది. కరెంటు ఆపమని ఎవరూ కబురుపెట్టలేదు. దానికి రెండ్రోజుల ముందే హోంమంత్రి సర్కోజీ పేటల కుర్రాళ్ళని అలగాజనం అని తిట్టి ఉన్నాడు. మూడు వారాలు పేటలు మండాయి. నవంబరు 8న ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అందుకు బయటికి తీసిన చట్టం 1955 నాటిది, అల్జీరియా స్వాతంత్ర్య పోరాటాన్ని అణచడానికి చేసింది. తాతలమీద వాడిన చట్టమే మనవల మీదా పనికొచ్చింది. సహాయం చెయ్యనందుకు ఇద్దరు పోలీసుల మీద నడిచిన కేసుని 2015 మేలో రెన్ కోర్టు కొట్టేసింది.

గోడ దాటడం ఒకటే. లిస్‌లో అది కళ అయింది, క్లిషీలో అది చావయింది. రెంటి మధ్యా పట్టుమని పదేళ్ళు కూడా లేవు. పార్కూర్ చరిత్రలు రాసేవాళ్ళు రెండో గోడ ఊసెత్తరు. ఎత్తితే, ఆ కుర్రాళ్ళకి ఇంత వేగంగా పరిగెత్తడం ఎందుకు అవసరమైందో చెప్పాల్సొస్తుంది.

యమకాజీలు దళితులు అని నేననడం లేదు. జాతినీ కులాన్నీ ఒక గాటన కట్టడం మన దగ్గర సులువైపోయింది, నాకది ఇష్టం లేదు. వాళ్ళని ముట్టుకుంటే మైలపడతామని ఫ్రాన్సులో ఎవరూ అనలేదు. పోలిక నాకు కనిపించేది విద్య చేతులు మారే తీరులో. మన ఊళ్ళల్లో గడ పాతి, మోకులు బిగించి, ఆడమనిషి గడ కొసకెక్కి కడుపుమీద తిరిగే ఆట ఆడిన దొమ్మరోళ్ళు ఉన్నారు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన కులాలు, తెగల సంపుటాల్లో వాళ్ళ ఆట వర్ణన ఉంది. ఎబేర్ ఆఫ్రికన్లని చూసిన చూపే అది కూడా. ఊరూరా తిరిగి బతికే జనాల్ని పుట్టుదొంగలని ముద్రవేసిన చట్టం 1871లో వచ్చి, 1911లో మద్రాసు రాష్ట్రానికీ పాకి, 1952దాకా బతికింది. అంత విద్య ఉన్నవాళ్ళ కులం పేరు తెలుగులో తిట్టు. సముద్రం దూకినాయన గుడి లేని ఊరు లేదు. గడమీంచి దూకినామె పేరు ఏ ఊళ్ళోనూ లేదు. ఇక సదిర్ సంగతి అందరికీ తెలిసిందే. కళావంతుల, దేవదాసీ కులాల ఆడవాళ్ళ చేతిలో ఉన్నప్పుడు అది వ్యభిచారం. 1936లో అడయారులో కళాక్షేత్రం పెట్టి, పేరు మార్చి, శుద్ధిచేశాక అది జాతి సంపద. 1947లో మద్రాసు చట్టం వచ్చేసరికి అసలువాళ్ళకి గుడీ పోయింది, అరంగమూ పోయింది.

పార్కూర్‌కి ఆ పని అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ ఫెడరేషన్ చేసింది. 2017లో దీన్ని తన కిందికి తెచ్చుకుంటానని ప్రకటించింది, 2018 డిసెంబరులో బాకూ మహాసభలో ఒక విభాగంగా ఆమోదించుకుంది, 2022 అక్టోబరులో టోక్యోలో మొదటి ప్రపంచ పోటీలు పెట్టింది. బ్రిటన్, ఫ్రాన్సు, న్యూజిలాండ్ లాంటి దేశాల పార్కూర్ సంఘాలు 2017లోనే పార్కూర్ ఎర్త్ పేరుతో ఒకటై, ఇది కబ్జా అని ఎదురుతిరిగాయి. పాత జట్టులోని దావిద్ బెల్, షార్ల్ పెరియేర్ మాత్రం ఆ ఏడాది ఫెడరేషన్ పక్కన కనిపించారు. మనవాళ్ళల్లోంచి ఒకరిద్దర్ని పక్కన కూర్చోబెట్టుకుని పని జరిపించుకోవడం ఎట్లాగో మనకి వేరే వివరించాలా. పోటీల్లో స్టాపువాచీ ఉంటుంది, మార్కులుంటాయి, ఒకడు గెలుస్తాడు. ముందు చేరినవాడు వెనక్కొచ్చి ఆఖరివాడితో మళ్ళీ పరిగెత్తితే దానికి మార్కు లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పెట్టించాలని చూశారు గానీ కుదరలేదు.

లిస్‌లో దామ్ ద్యు లాక్ చెరువు ఒడ్డునే ఉంది. ఎక్కడానికి కట్టిన ఆ శిల్పాన్ని ఎక్కగూడదని నిషేధం పెట్టారు. దేశదేశాల నుంచి వచ్చే పిల్లలు దాని ముందు ఫొటో దిగి, పక్క పేటలోని చిన్న గోడలు వెతుక్కుంటూ పోతుంటారు.